అప్పు నీళ్లు

ముల్లు ఎర్రగీత తాకగానే హీటరు పెట్టాను.
బయట నవంబరు,
సోందా గాలి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు వీస్తోంది,
లోపల హీటరు!
"పిచ్చెక్కిందా నీకు?" అంది ఒదీలియా
ఒళ్లో పుచ్చకాయ జారకుండా పట్టుకుని.
పిచ్చి కాదక్కా,
దీని జ్వరంలో కాస్త మనమూ పంచుకోవాలి.

ఇంకో రెండు మలుపులు లాగింది.
ముందు తియ్యటి వాసన. తర్వాత బుస.
అద్దమంతా తెల్లగా ఆవిరి.
హాచల్ ఇంకా నలభై కిలోమీటర్లుందనగా
ఆపాను. ఆపానంటాను గానీ
అదే ఆగింది.

ఇరవైరెండేళ్లు ఇది బడిపిల్లల్ని మోసింది,
నేను దీన్ని తోలాను.
ఇద్దరికీ ఒకే ఏడు రిటైర్మెంటు.
వేలంలో నేనే పాడుకుంటే వీధి వీధంతా నవ్వింది.
సీట్లు పీకించి రెండు మంచాలు వేయించాను,
ఒక గ్యాసు పొయ్యి, అక్క కుట్టిన పరదాలు.
ఇంజను మాత్రం ఉన్నచోటే ఉంది,
డ్రైవరు పక్కన, ఇనప మూత కింద,
అంటే మా ఇంటి మధ్యలో.
జూలై చలి పొద్దుల్లో పిల్లలు
ఆ మూత మీద అరచేతులు కాచుకునేవాళ్లు.
నసరేనో అనేవాడు రొట్టె కూడా వెచ్చబెట్టుకునేవాడు.
ఇవాళ దాని మీద నేను చెయ్యి పెట్టలేకపోయాను.

గుడ్డ చుట్టుకుని మూత ఎత్తితే
పై గొట్టం నిలువునా చీలి ఉంది.
ఒదీలియా తాగే నీళ్ల చెంబు ఎత్తింది.
"ఆగు! ఇప్పుడు చల్లనీళ్లు పోస్తే తల పగుల్తుంది."
"ఎవరి తల?"
"ఇంజనుది."
"నీది పగిలి చాన్నాళ్లయింది" అంది,
ఆ చెంబు తనే తాగేసింది.

ట్యాంకులో ఎన్ని ఉన్నాయని అడిగాను.
నీళ్లు నమిలింది.
పొద్దున తలంటుకుందట.

బస్సు నీడలో గంటన్నర కూర్చున్నాం.
పుచ్చకాయ తిన్నాం, గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో చూశాం.
ఇనుము చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది.
ఉన్నట్టుండి అక్క లేచింది.
నలభయ్యేళ్లు ఊళ్లో పెళ్లిబట్టలు కుట్టిన చేతులు
సైకిలు ట్యూబు ముక్క కోసి గొట్టానికి చుట్టాయి,
మైనం దారంతో బిగించి కుట్టాయి.
"ఊపిరి బిగబట్టకు" అంది గొట్టంతో,
పెళ్లికూతురి నడుము కొలుస్తున్నట్టు.

నీళ్లు మిగిలాయి.
మలుపు దగ్గర ఎర్ర ఇటుకల గూడు ఒకటి ఉంది,
దిఫూంతా కొర్రేయా గూడు.
మొగుణ్ణి పట్టుకుపోయిన సైన్యం వెనక
చంటివాణ్ణెత్తుకుని నడిచి, ఈ ఎడారుల్లోనే
దాహంతో పోయిందంటారు.
బిడ్డ మాత్రం ఆమె పాలు తాగుతూ దొరికాడట.
అందుకే లారీవాళ్లు ఆమెకు సీసాల్లో నీళ్లు పెడతారు.
లెక్కపెట్టాను, పదకొండు.

"దప్పికతో పోయినదాని నీళ్లు ఎత్తుకొస్తావా?"
నేనేమీ అనలేదు.
అనకపోవడం చూసి తనే వెళ్లింది.
మోకాళ్ల మీద చాలాసేపుంది.
నాలుగేసి సీసాలు లంగాలో మోసుకొచ్చింది.
"ఏమని వేడుకున్నావు?"
"వేడుకోలేదు. నోటు రాసిచ్చాను."
మందుల షాపు రసీదు వెనక
పదకొండు సీసాలు, తారీకు, బస్సు నంబరు,
ఇద్దరి సంతకాలు. నాది కూడా తనే పెట్టింది.
పైన రాయి.

మెల్లగా పోశాను, ఒక్కో సీసా వాసన చూసి.
కొన్నిట్లో నాచు, ఒకదాన్లో చచ్చిన తేనెటీగ.
తొమ్మిదో దాన్లో నీళ్లు కావు,
చెరకు సారా.
ఎవడో మొక్కుకున్నాడో, మోసమే చేశాడో.
అక్క మళ్లీ వెళ్లి నోటు దిద్దింది:
పది నీళ్లు, ఒకటి సారా.
తిరిగొస్తూ, వడ్డీ ఎలాగూ కట్టాలి కదా అని
ఒక గుక్క తాగింది. నాకూ ఇచ్చింది.

ఇంజను రెండోసారికి అందుకుంది.
కిటికీలన్నీ తెరిచి, హీటరు అలాగే ఉంచి,
ముప్పై దాటకుండా, చెమటలు కారుతూ
ముల్లు వంకే చూస్తూ దిగాం.
అక్క మూత దగ్గర కూర్చుని
ప్రతి గుంటకీ "మెల్లగా, తల్లీ" అంటోంది.
నాతో కాదు.

మర్నాడు కొత్త గొట్టంతో వెనక్కి వెళ్లి
పది సీసాలు పెట్టాం, నిండుగా, మూతలు బిగించి.
సారా మాత్రం అక్క కొననివ్వలేదు.
ఒక్క బాకీ అయినా ఉండాలట.
లేకపోతే వచ్చే నవంబరులో
ఏ మొహం పెట్టుకుని బయల్దేరతాం అంటుంది.