ఆగినదే లెక్క

దర్గామిట్టలో మా ల్యాబు మూడో అంతస్తు.
కరెంటు పోతే ముందు మెట్లమీద చీకటి పడుతుంది,
ఆ తర్వాత నా గ్రాఫు వణుకుతుంది.

ఉలవపాడు పిల్ల గౌసియా మోచేతినుంచి
ఆవగింజంత చర్మం.
నలభై రోజులు గులాబిరంగు నీళ్ళలో
వేళతప్పకుండా మేతపెట్టి పెంచాను.
సీసా అడుగున ఇప్పుడు కణాలు
గాలికి ఒకే పక్కకి వాలిన నారుమడి.

తెలియాల్సింది ఒక్కటే:
వాటి మైటోకాండ్రియాలో మొదటి ఎంజైము
పని చేస్తోందా, లేదా.

కాంతి గీత కిందికి దిగుతుంది. పనే కదా అనుకుంటాం.
రోటినోన్ చుక్క వేస్తే
గొంతు పట్టుకున్నట్టు ఆగాలి.
ఆగినంతే దాని పని.
ఆగకుండా దిగేదంతా పక్కింటోళ్ళ గోల.

నూటికి అరవై ఐదు గోలే.
జబ్బులేని వాళ్ళ కణాలూ, గౌసియావీ
కాగితంమీద అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి.
"పిల్లకి ఏం లేదని రాసేద్దామా?"
రవణయ్య సారు అడిగాడు,
తనే నమ్మని గొంతుతో.

ఆదివారం గంగపట్నం పోయాను.
నాయన తొట్లో టీగింజల పిండి నానబెట్టి పిసుకుతున్నాడు,
పైన కుంకుడురసంలా నురగ.
రొయ్యల గుంటలో దూరిన చేపలకి ఆ మందు.
"చేప తేలాల, రొయ్యకి తెలీకూడదు.
పిడికెడు ఎక్కువైతే రెండూ పోతాయి మే"
నావైపు చూడకుండానే అన్నాడు.

బస్సు ఇందుకూరుపేట దాటినా కళ్ళలో ఆ నురగే.
మా ఫ్రీజరులోనూ ఉంది దాని దాయాది,
డిజిటోనిన్, తెల్లటి పొడి,
ఎవరూ మూత తియ్యని డబ్బాలో.

సోమవారంనుంచి పదకొండు మోతాదులు.
తక్కువైతే కణం తలుపు తియ్యదు,
ఎక్కువైతే ఇల్లే కూలుతుంది.
ఏడో గొట్టంలో, మంచుమీద పది నిమిషాలకి,
పైపొర జల్లెడై
పక్కింటోళ్ళంతా బైటికి కారిపోయారు.
లోపలివాళ్ళు కదల్లేదు.
రోటినోన్ వేశాను. గీత నిలబడింది.
నూటికి ఎనభై రెండు!
సారు అందరికీ టీ తెప్పించాడు,
వాచ్‌మన్‌కి కూడా.

సాయంత్రం అదే మోతాదు, గౌసియా కణాలు.
గీత దిగలేదు.
విషం వెయ్యకముందే దిగలేదు.

మూడుసార్లు చేశాను,
మూడోసారి కొత్త సీసాతో, కొత్త బఫరుతో,
తప్పు నాదైతే బాగుండునని.

కింద బెంచీమీద వాళ్ళమ్మ
పిల్ల చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూచునుంది.
నేనింకా పైనే ఉన్నాను,
క్యూవెట్ కడుగుతూ.
నురగ పోవడం లేదు.