కొసరు

శుక్రవారం రాత్రి బూట్లకి నల్లరంగు పట్టిస్తే
శనివారం పొద్దుటికి పోర్టు వాటిమీద ఎర్రరంగు వేసేది.
పాతనగరంలో మా బడిగోడ అవతలంతా
ఇనప ఖనిజం గుట్టలు.
గాలి ఎటు తిరిగితే మా యూనిఫారం ఆ రంగు.
నేగీ ఉస్తాద్ బూటుమీద వేలితో గీత గీసి
ఆ వేలు మాకే చూపించేవాడు.
"యే క్యా హై?"
ఓడెక్కి జపాను పోవాల్సిన దుమ్ము సార్,
అని ఎవరూ అనలేదు.
సావధాన్‌లో నోరుండదు.

ముప్ఫైముగ్గురు ఆడపిల్లలం.
జడలు పైకి చుట్టి వలలో బిగించి
మీద ఎర్రకుచ్చు టోపీ.
అమ్మలు పెట్టిన కనకాంబరాలు
జామెట్రీ బాక్సుల్లో, వృత్తలేఖిని పక్కన, వాడుతూ.

మైలపిల్లి దేవుడమ్మది జాలరిపేట.
దానికి కుడికాలు లేస్తే కుడిచెయ్యే లేచేది,
ఎడమకాలికి ఎడమచెయ్యి.
"ఇసకలో నడిచినోల్లం. మడం మోగితే గదేటే,
ఏ కాలో తెలిసీది" అనేది.
ఉస్తాద్ దాని ఎడమచేతికి ఎర్రరిబ్బను కట్టాడు.
తేజ్ చల్!
అది రిబ్బను వంక చూసి, కాలి వంక చూసి,
లెక్క తేల్చుకునేసరికి
మేమంతా గేటుదాకా పోయి వెనక్కి తిరిగేవాళ్ళం.
నవ్వు ఆపుకోవడమే
మాకు దొరికిన మొదటి కఠిన శిక్షణ.

పరేడ్ అయ్యాక ఇద్దరికో పెద్ద సమోసా.
దేవుడమ్మ తుంపి పెద్దముక్క నాకిచ్చేది.
ఎందుకే అంటే
"నీ పక్కనున్న చేతిలో అదే ఉంది" అనేది.

డిసెంబరులో ఫైరింగు.
కొండపక్క రేంజిలో తడిగడ్డి మీద బోర్లా పడుకున్నాం.
పాయింట్ టూ టూ రైఫిలు, తలా ఐదు గుండ్లు.
నా పక్కన దేవుడమ్మ
కర్రని చెంపకి ఆనించి ఊపిరి బిగబట్టింది
కెరటం కిందికి దూరబోయే ముందులా.
నేను మాత్రం ప్రతి గుండుకీ కళ్ళు మూసుకున్నాను.

టార్గెట్లు తెచ్చారు.
దాని కాగితం ఉతికారేసిన తెరచాప, ఒక్క మచ్చ లేదు.
నా కాగితంలో తొమ్మిది చిల్లులు.
నాలుగు అంచుల్లో, గద్దని చూసి చెదిరిన కోడిపిల్లలు.
ఐదు నట్టనడుమ,
రూపాయి బిళ్ళ పెడితే కనబడనంత దగ్గరగా.

ఉస్తాద్ కాగితాన్ని ఎండకి ఎత్తిపట్టాడు.
ఆయన మొహమ్మీద తొమ్మిది చుక్కల వెలుతురు.
"పాంచ్ గోలీ. నౌ ఛేద్."
కాసేపు మా ఇద్దర్నీ చూశాడు.
తర్వాత, పుస్తకంలో గళ్ళు నింపాలి కదా,
మంచి ఐదూ నా పేరున రాశాడు.
దేవుడమ్మకి సున్నా.

దానికి కుడి ఎడమలు తెలీవనీ
దాని కుడిపక్క టార్గెట్టు నాదనీ
ముప్ఫైముగ్గురికీ తెలుసు.
ఎవరూ అనలేదు.
నేనూ అనలేదు.
సావధాన్‌లో నోరుండదు. నిజమే.
కానీ అప్పటికి విశ్రామ్ చెప్పి చాలాసేపైంది.

క్యాంపుకి నేనే వెళ్ళాను.
సర్టిఫికెట్టు నకలు ప్రతి దరఖాస్తుకీ గుచ్చాను.
ఇప్పుడు నేను కూచునే కుర్చీ కింద కూడా
ఎక్కడో ఆ కాగితముండాలి,
కోడు ఊగకుండా మడిచిపెట్టిన అట్టముక్కలా.

మొన్న ఫిషింగ్ హార్బరులో
నేను గుర్తుపట్టేలోపే అది పట్టేసింది.
"ఏటే, బూట్లకి రంగెయ్యనేదేటి?"
చెప్పులు చూసుకున్నాను. వాటిమీదా ఎర్రదుమ్మే.
అది ఐసుముక్కల కోసం లేచి నడిస్తే
కుడికాలితో కుడిచెయ్యి
అలాగే, ఏ ఉస్తాదూ దిద్దలేనట్టు.

ఆ కాగితం మాట ఎత్తుదామనుకుని
కానాగంతలు ఎంతే అన్నాను.
కిలో తూచింది.
తూకం అయ్యాక కొసరు వెయ్యడం మొదలెట్టింది.
ఒకటి. రెండు. చాలే అంటున్నా మూడు.
నాలుగు.
ఐదోది వెయ్యబోతుంటే చెయ్యి పట్టేసుకున్నాను.
"అదేటే" అంది, "కొసరుకి లెక్కేటి?"

చేప జారి సంచిలోనే పడింది.
పట్టుకున్నది కుడిచెయ్యో ఎడమచెయ్యో
అడిగితే చెప్పలేను.