షట్టర్ల మిస్త్రీ లెక్క

పోయిన సీజన్ల నలభై ఒక్క గోల్సు తిన్నం.
లెక్క నా దగ్గర్నే ఉన్నది,
షట్టర్ల బాకీలు రాసుకునే నోటుబుక్కుల
వెనక పేజీల.

ఎండకాలమొస్తే మా మౌలాలి గ్రౌండు
పెండ్లి టెంట్ల పాలైతది.
పెనాల్టీ చుక్క పెట్టే కాడ
బగారా డేగ్చా ఎక్కుతది.
సున్నం గీతలు పోయి బూడిద మిగుల్తది.
టీము గుడ అంతే.
ఎవడున్నడో ఎవడు పోయిండో
మే నెలల ఒక్కొక్క కబురే బయటపడ్తది.

ముందుగాల సాలెహ్ బిన్ అవద్.
బార్కస్ పిల్లగాడు. పిల్లగాడేంది, ముప్పై ఆరేండ్లు.
పదకొండేండ్లు మా నడిమిట్ల నిలబడ్డడు.
మోకాలు ఇగ మాట వినదని
డాక్టరు చెప్పినంక గుడ
రెండు మ్యాచులు ఆడిండు, ఎవ్వరికీ చెప్పకుంట.

ఎడమ దిక్కు ప్రభుదాసును
విశాఖోళ్ళు నౌకరి ఇస్తమని తీస్కపోయిన్రు.
రెండు దినాలు తిట్టిన.
మూడో నాడు ఫోన్ చేసి
మంచిగుండు బిడ్డా అన్న.
నౌకరంటే ఎవడాగుతడు, నేనాగుతనా?

వచ్చినోళ్ళల్ల ఒకడు మిజోరాం పోరడు, లాల్రెంపుయా.
పూరా పేరు పిలిచేలోపు బాల్ దాటిపోతదని
అందరు రెమ్ము అంటున్రు.
ఇంకొకడు బోధన్ సాయన్న, ఆరడుగుల రెండంగుళాలు.
తలతోని కొడితే బాల్ లాలాగూడల పడ్తదట.
తిరగాలంటే మాత్రం
ఇరుకు గల్లీల సిటీ బస్సే.

కొత్త కోచు వర్కీ సారు
వెనక నలుగురెందుకు, ముగ్గురు చాలన్నడు.
నాకు నిద్ర పట్టలే.
నలుగురుండంగనే నలభై ఒకటి పడ్డయి గదా సారూ,
దొంగలు పడ్డ దుకాణానికి
ఉన్న తాళం ఊడబీకుడేంది?
ట్రాక్‌మన్ మాసయ్య నన్నే కసిరిండు,
నువ్వు షట్టర్లు చూస్కో పో అని.

మొదటి వాన పడ్డ తెల్లారి
ప్రాక్టీసు చూడవోయిన.
గ్రౌండ్ల సాలెహ్! లుంగీ ఎగ్గట్టి,
చెప్పులు చేతవట్టుకోని, బురదల.
ఎవరి పెండ్లిదో మిగిలిన షామియానా తాడు
ముగ్గురి నడుములకు కట్టిండు,
మనిషికి మనిషికి నడుమ పది అడుగులిడిసి.
ఒకడురికితే ముగ్గురురకాలె.
ఒకడాగితే ముగ్గురు పడాలె.
పడ్డరు.
రెమ్ము మిజోల ఏదో అన్నడు, సాయన్న బోధన్ బూతు తిట్టిండు,
సాలెహ్ అరబ్బీల ఇద్దర్నీ తిట్టిండు.
ఎవరికేం సమజయిందో గని
ఏడోసారికి తాడు సాగలే.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి,
ముగ్గురు ఒక్క అడుగు ముందుకేసిన్రు.
మా ఫార్వర్డ్ పోరడు వెనక ఒక్కడే మిగిలి
చెయ్యెత్తిన లైన్‌మన్ దిక్కు చూసిండు,
షట్టరు పడ్డంక
పాల ప్యాకెట్ కోసమొచ్చిన గిరాకీ లెక్క.

ముప్పై ఏండ్ల సంది ఇదే పని నాది.
పట్టీలెన్నని ఎవడడుగుతడు?
పట్టీకి పట్టీ కొండి పడిందా,
గాడి తిన్నగున్నదా, గదే చూస్త.
ఆ మాట నా నోటుబుక్కుల
ఎన్నడూ ఎందుకు రాసుకోలేదో.

అంతల తాడు విప్పేసిన్రు.
ఎమ్మటే ఒకడు సాయన్నను దాటేసి కొట్టిండు.
సాయన్న తిరిగేసరికి
బాల్ వలలున్నది.
నలభై రెండు, అన్న నేను, నోరూరుకోక.
సాలెహ్ నా దిక్కు చూసి
చెప్పు చూపెట్టిండు.

మొదటి ఆట ఆదివారం నాలుగింటికి.
ఆ పూట ఎవరి షట్టరు ఇరుక్కున్నా,
సగం కాడ ఆగి దుకాణమంతా బజారుకు కనవడ్డా
నాకు ఫోన్ చేయకున్రి.