ఎడమ తలుపు

టోలెడోలో అక్టోబర్ వాన.
గరాజ్ తలుపు సగమెత్తి
బేరానికి కూర్చున్నాడు వెర్న్ కొస్టెకి.

అరవై తొమ్మిది నాటి చెవెల్.
పుట్టుకతో పచ్చది, ఇప్పుడు వంకాయ రంగు.
ఆ రంగు మీదే
తమ్ముడితో ఏడాది మాటల్లేవు.

పదకొండు చలికాలాలు పట్టింది.
తుప్పు గీకితే నేల కనిపించిన చోటల్లా కొత్త రేకు,
సీట్లకి ఎవరో పారేసిన పడవ తోలు,
బానెట్ కింద
చచ్చిన ట్రక్కు గుండె.
అన్నీ అతికాయి గానీ
తన మోకాట్లో పెట్టిన స్టీలే అతకలేదు.
క్లచ్ తొక్కితే
ఇంజన్ కన్నా ముందు అదే మూలుగుతోంది.

ఆరుగురొచ్చారు.
రంగులో మొహాలు చూసుకుని, ఫోటోలు దిగి,
"ఒరిజినల్ కాదుగా" అని పెదవి విరిచారు.
మోకాలు రాసుకుంటూ
అతనేం అనలేదు.

ఏడోది టెస్ హకాలా, ఓడలకి వెల్డింగ్ చేసే పిల్ల.
రంగు ఊసెత్తలేదు.
స్టార్ట్ చేయించి, కళ్ళు మూసుకుని,
చారు పొంగబోయే చప్పుడు కోసం
చెవొగ్గినట్టు నిలబడింది.
"మూడో సిలిండర్ దగ్గుతోంది.
ఐదొందలు తగ్గించు."

ఆ దగ్గు తెలుసతనికి.
వినేవాళ్ళెవరైనా వస్తారేమోనని
బాగుచేయకుండా ఉంచాడు.
వెయ్యి తగ్గించాడు.

డబ్బు లెక్కపెట్టకుండా కాఫీ డబ్బాలో కుక్కాక
గుర్తొచ్చింది:
ఎడమ తలుపు కాస్త పైకెత్తి వేయాలని
చెప్పనేలేదు.

వీధి మలుపులో ఆగింది కారు.
దిగి, అద్దం తుడుచుకుని, ఎక్కింది.
ధన్.
మళ్ళీ ధన్.
కుంటుతూ వానలోకొచ్చి
కేకేయబోయాడు.

మూడోసారి
చప్పుడు రాలేదు.
కారు కదిలింది.