నడక

టమోటాల తోపుడుబండి మీద ఆరడుగుల వాద్యం.
తాడేసి బిగించి, పక్కనే తనూ నిలబడినాడు అరుళప్ప.
తోసేది నేను.
రాత్రికి ఐదు రూపాయలు, పెండ్లోళ్ళింట్లో భోజనం.

మిట్టూరులో కరెంటు తీగలు కిందికుంటాయి.
"తల!" అని అరిచేవాణ్ణి.
వాయించేది ఆపకుండానే వంగేవాడు, దాన్నీ వంచేవాడు,
పొడుగాటి పెండ్లికూతుర్ని గడప దాటించినట్టు.

బెంగుళూరు హోటల్లో పదకొండేండ్లు జాజ్ వాయించినాడంట.
హోటలోళ్ళు టేపురికార్డరు కొన్న వారమే
మామిడికాయలు దించి తిరిగొచ్చే లారీలో
వరిగడ్డి మీద పండబెట్టి తెచ్చుకున్నాడు చిత్తూరికి.
దాని పేరు డబుల్ బేసు.
మా బ్యాండోళ్ళు పెట్టిన పేరు ఎనుము.

క్లారినెట్ దావీదుకు ఈలలు పడేవి.
డ్రమ్ము చెంగల్రాయుడికి చొక్కా నిండా నోట్లు గుచ్చేవాళ్ళు.
ఎనుము వైపు చూసేది పిలకాయలే,
చిల్లుల్లోంచి, లోపల ఎవరన్నా ఉండారా అని.

మొదటి రాత్రి నేను ఊరికే తోసినా,
గుంతలో మెల్లగా, ఏటవాలులో జోరుగా.
వెనక్కి తిరక్కుండానే అన్నాడు:
"ఒరే రత్నం, రోడ్డు చెప్పినట్టు పోవద్దు.
నాలుగడుగులు లెక్కబెట్టు.
ఐదో అడుగుండదు. మళ్ళా ఒకటి."

ఆయన నాకు నేర్పిన సంగీతం అంతే.

ఒకటి, రెండు, మూడు, నాలుగు,
బండి పిడి గుండా మణికట్టుల్లోకి ఎక్కేది.
చర్చివీధి మలుపులో ఒకసారి
మూడో అడుగు ముందే వేసేసినా.
ఆయన దాన్ని కింద పడనీలేదు.
తనూ తొందరపడి, పక్కన ఇంకో సొరం పెట్టి
ముందే అనుకున్నట్టు చేసినాడు.
దావీదు తిరిగి చూసి నవ్వినాడు.
ఇంట్లో తప్పుకు దెబ్బలే తెలిసినోణ్ణి నేను.

గ్యాసులైట్లు ఆర్పినాక
నీవా వంతెన మీద బండి ఆపమనేవాడు.
కింద ఇసుకే, నీళ్ళు లేవు.
వేళ్ళకు చుట్టిన ప్లాస్టరు విప్పేసి వాయించేవాడు.
ఏం పాట సామీ అంటే
"పాట బెంగుళూరులోనే ఉండిపోయింది.
నేను దాని కిందిది వాయిస్తా ఉండా."

తెల్లారి నాలుక్కి బండి మార్కెట్లో ఒప్పజెప్పాల.
ఎనుమును దించినాక
ఉత్త బండి తోయబుద్ధయ్యేది కాదు.

మొన్న వేలూరు ఆస్పత్రిలో మోకాలిచిప్ప మార్చినారు.
"పది దాకా లెక్కబెడతా నడవండి తాతా" అనింది నర్సు పాప.
నాలుగు దాకా పోయి, మళ్ళా ఒకటికొచ్చినా.
మళ్ళా నాలుగు. మళ్ళా ఒకటి.

లెక్కలు రావనుకునింది పాపం,
చెయ్యి పట్టుకుని ఐదు చెప్పించబోయింది.