తీగ చెరిపినవాడు

కోఠి గుజరాతీ గల్లీలో
మూడు మెట్లెక్కితే ముక్తదర్ భాయ్ దుకాణం.
నాలుగు శనివారాలు తిరిగాను.
డెబ్బై-మూడువందల జూమ్ ఒకటి
గాజు అల్మారాలోంచి నన్నే చూస్తుండేది
మెడ చాచిన కొంగలా.
"దూరంది దగ్గరికి తెస్తది సాబ్" అన్నాడు.
నాకు దూరంగా ఏముంది? మౌలాలి గుట్ట.
దాన్ని దగ్గరికి తెచ్చి ఎక్కడ పెట్టుకోను,
రెండు గదుల వాటాలో?

చివరికి యాభై ఎం.ఎం. పాతది.
టార్చి వేసి చూపించాడు:
లోపలి అద్దం అంచున
వెంట్రుకంత బూజు.
"ఫొటోల కనబడదు. నిద్రల కనబడతది.
అందుకే ఎనిమిది వందలు తగ్గిస్తున్న."
వానాకాలం ఓవర్‌టైం డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను.

యాభై ఎం.ఎం. జరగదు. మనమే జరగాలి.
వెనక్కి, వెనక్కి, ఇంకొంచెం వెనక్కి,
లాలాపేట బ్రిడ్జి కింద ఒకసారి
నిమ్మసోడా బండికి తగిలి
రెండు సీసాలకు డబ్బు కట్టాను.
ఎపర్చర్ పూర్తిగా తెరిస్తే
ముందున్న మనిషి కనురెప్పలు దక్కుతాయి,
వెనకున్న ఊరంతా
నీళ్లు పడ్డ ముగ్గులా చెదిరిపోతుంది.

పగలు నాది కరెంటాఫీసు.
లాగ్ పుస్తకం, ఫీడర్ల పేర్లు,
ఏ వీధికి ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది.
రాత్రి పదకొండు దాటాక,
సుగుణ నిద్రపోయాక,
లాప్‌టాప్ వెలుతురు తగ్గించి
గుట్ట మీది సాయంత్రాన్ని తెరుస్తాను.
నీడల్ని కొంచెం లేపుతాను.
ఆకాశాన్ని కొంచెం దించుతాను.
వైట్ బ్యాలెన్స్ దగ్గర తడబడతాను:
వీధి దీపాలు పసుపు మానేసి ఏళ్లయినా
నా వేలు అటే జారుతుంది.
నారింజ ఎక్కువైతే పెళ్లి ఆల్బమ్,
తక్కువైతే ఎక్స్‌రే.

తర్వాత తీగలు.
బ్రష్ కొనతో ఒక్కో తీగ మీద
పక్కనున్న ఆకాశాన్ని తెచ్చి అద్దుతాను,
చిరుగుకి మాసిక వేసినట్టు.
పదకొండు తీగలు, రెండు స్తంభాలు,
ఒక పింగాణీ ఇన్సులేటర్.
ఒంటిగంటన్నరకి
మౌలాలి గుట్ట మీద
కరెంటు పుట్టని కాలం.

మర్నాడు ఆఫీసులో ఫోన్ చేతులు మారింది.
అందరూ బాగుందన్నారు.
లైన్‌మన్ ఉప్పలయ్య మాత్రం
రెండు వేళ్లతో సాగదీసి, ఇటు జరిపి, అటు జరిపి
ఎవరినో వెతుకుతున్నట్టు చూశాడు.
"సార్, ఈడ నా లైనుండాలె గదా?"

ఉండాలి.
జూన్ గాలివాన రాత్రి
నేను రాసింది ఒక్క వరస:
2.40 లైన్ తెగినది. 5.10 సరిచేయబడినది.
ఆ రెండున్నర గంటలు
స్తంభం మీద తడిసింది ఉప్పలయ్య.
నేనేమీ అనలేదు.
"మబ్బు మంచిగొచ్చింది" అని ఫోన్ ఇచ్చేసి
నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

ఆ రాత్రి అసలు ఫైలు తెరిచాను.
పాపం కెమెరా, దానికి చెరపడం రాదు.
బూడిద రంగు, ఓ పక్కకి ఒరిగిన గుట్ట, అన్ని తీగలూ.
దగ్గరికి లాగితే
మూడో తీగకి ఒక ముడి,
కొత్త అల్యూమినియం,
మిగతా తీగకంటే కాస్త తెల్లగా.
అక్కడ మాత్రం వెలుగు పెంచాను.
చాలా కాదు, పాయింట్ మూడు.
పెంచి, ఎక్కువైందేమోనని తగ్గించి, మళ్లీ

అంతలో కరెంటు పోయింది.
బ్యాటరీ పద్నాలుగు శాతం.
గది మొత్తానికి
ఆ సాయంత్రం ఒక్కటే వెలుతురు.
బయట ఎవరో దగ్గారు,
గోడకి నిచ్చెన ఆనిన చప్పుడు.
ఫైలు ఇంకా సేవ్ చేయలేదు.