ఒకటిన్నర

దరఖాస్తులో తొమ్మిదో ప్రశ్న:
ఈ గ్రాంటుతో ఎన్ని ఉద్యోగాలు కల్పిస్తారు?
మెర్ల్ హాడ్రిక్ నీలం సిరాతో రాసింది:
ఒకటిన్నర.

షైర్ కౌన్సిల్ ఆఫీసులో నా బల్ల మీద
నలభై మూడు దరఖాస్తులు.
తేనె, ఆలివ్ నూనె, గొర్రెపాల సబ్బు,
ఎమూ కొవ్వుతో కీళ్ళ మందు చేస్తానన్నాడొకాయన.
అందరూ ఐదన్నారు, పదన్నారు. గుండ్రటి అంకెలు.
ఈ అర మాత్రం
పంటి సందున ఇరుక్కున్న గింజలా
సాయంత్రం దాకా నాలుకకు తగులుతూనే ఉంది.

తొంభై కిలోమీటర్లు.
రైలు పట్టాల మధ్య మోకాలెత్తు గడ్డి,
గోధుమ సైలోల నీడలు రోడ్డుకి అడ్డంగా.
లారీల్లోంచి రాలిన గింజల కోసం
గులాబీ రొమ్ముల గలా పక్షులు
తారు మీదే కాపురం పెట్టాయి.

యారబిన్‌లో బ్యాంకు మూసేశారు. బడి మూసేశారు.
ఫుట్‌బాల్ జట్టుని పక్క ఊరి జట్టులో కలిపేశారు,
చొక్కా రంగు కూడా వాళ్ళదే.
మిగిలింది మెర్ల్ దుకాణం,
దాని ముందు రెండు పెట్రోలు పంపులు.
ఒకటి చచ్చింది. రెండోది చచ్చేలోగా
భూమిలో తుప్పుపట్టిన ట్యాంకు మార్చాలి.
మేమిచ్చేది సగం, ఊరు వేసుకోవాల్సింది సగం.

"ఇది పోతే," అంది మెర్ల్ రొట్టె కోస్తూ,
"పెట్రోలు కోసం వెళ్ళిరావడానికే
బోలెడు పెట్రోలు కావాలి."

ఊరు తన సగం ఎలా కూడబెట్టిందో
సిగరెట్ల అర పక్కన గోడకి అంటించారు:
వేలంలో రెండు పొట్టేళ్ళు.
మూడు ఆదివారాల స్కోన్లు.
క్లైవ్ పాస్కో, వాళ్ళ నాన్న ట్రాక్టరు.
ఆ ఒక్క వరుస రెండుసార్లు కొట్టేసి
మూడోసారి రాసి ఉంది.

ఒక ఉద్యోగం సరే, అర ఏమిటన్నాను.

"నోలీన్. పొద్దున్న ఉత్తరాలు, పదింటికి పంపు.
మధ్యలో ముసలివాళ్ళ మాత్రలు ఇంటింటికీ ఇచ్చొస్తుంది.
దానికి జీతం లేదు.
తలుపు తట్టినా పలక్కపోతే కిటికీలోంచి చూస్తుంది.
పోయిన జూలైలో అలా చూడబట్టే
ఆల్బీ డ్రూ ఇంకా ఉన్నాడు.
దాన్ని ఏ గడిలో రాయాలో తెలీలేదు,
రాయలేదు."

చిన్నప్పుడు మా తాత దగ్గర వల్లించాను:
వీసం, పరక, పావు, అర, ముప్పావు.
ఒకటి చేరేలోపు ఎన్ని మెట్లో.
కారులో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి
ఒకటిన్నర కొట్టాను.
ఎర్రగా వెలిగింది: పూర్ణసంఖ్యలు మాత్రమే.
ఒకటి కొడితే నోలీన్ ఉండదు.
రెండు కొడితే అబద్ధం.
కొట్టాను, చెరిపాను. మళ్ళీ కొట్టాను.

అద్దం మీద ఎవరో తట్టారు.
పలకలేదేమో, వంగి లోపలికి చూసింది.
"నింపాలా?" అంది నోలీన్.
ముల్లు ముప్పావు మీదుంది.

నింపమన్నాను.